స్కాన్ చేయగానే కనిపించే పేరు చదువుతున్నారా? క్యూఆర్ కోడ్‌తో చెల్లించేవాళ్లూ, దుకాణంలో అతికించేవాళ్లూ చూసుకోవాల్సినవి

టిఫిన్ సెంటర్‌లో ప్లేట్ ఇడ్లీ తిన్నారు. చేయి కడుక్కుని కౌంటర్ దగ్గరికొచ్చి ఫోన్ తీశారు. అద్దం మీద అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు, 40 రూపాయలు టైప్ చేశారు, పిన్ కొట్టారు. ‘‘అన్నా, వచ్చినయా?’’ అని అడిగారు. దోసె తిప్పుతున్న ఆయన తలెత్తకుండానే ‘‘ఆ.. సరే’’ అన్నారు. మీరు బయటికొచ్చేశారు.

పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద ఒక పేరు కనిపించింది. అదేంటో గుర్తుందా?

చాలామందికి గుర్తుండదు. ఈ కథనం రాస్తున్న నాకు కూడా నిన్న సాయంత్రం టీకి ఎవరి పేరు మీద డబ్బు పంపానో గుర్తులేదు, ఫోన్ తీసి హిస్టరీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ పేరును చదవకపోవడం మీదే ఒక రకం మోసం మొత్తం నడుస్తోంది.

2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో జరిగిందే చూడండి. పెట్రోల్ బంకు, మందుల షాపు సహా కొన్ని వ్యాపారాల దగ్గర ఉన్న క్యూఆర్ కోడ్‌ల మీద రాత్రికి రాత్రి ఎవరో తమ కోడ్‌లు అతికించి వెళ్లిపోయారు. తెల్లారి కస్టమర్లు ఎప్పటిలాగే స్కాన్ చేశారు, డబ్బు వేరే ఖాతాలోకి వెళ్లింది. మందుల షాపులో డబ్బు కడుతున్న ఒక కస్టమర్ ‘పేరు మారిందేంటి?’ అని అడగడంతో అక్కడ విషయం బయటపడిందని అప్పట్లో వార్తలొచ్చాయి. హ్యాకింగ్ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు. కాస్త జిగురు, ఒక ప్రింటౌట్ చాలు.

ఒక్క 2025 ఆగస్టు నెలలోనే దేశంలో 2,001 కోట్ల యూపీఐ లావాదేవీలు జరిగాయి. వాటి విలువ 24.85 లక్షల కోట్ల రూపాయలు. వీటన్నింటిలో క్యూఆర్ స్కాన్లే ఉండవు కానీ, కూరగాయల బండి నుంచి బంగారం షాపు దాకా ఈ గడుల చతురస్రం లేని చోటు ఇప్పుడు లేదు. మెనూ కార్డు కూడా అదే, మెట్రో టికెట్ అదే, పెళ్లి శుభలేఖలో ఫంక్షన్ హాల్ అడ్రస్ అదే. అందుకే స్కాన్ చేసేవాళ్లతో పాటు, కోడ్ పెట్టుకునే వ్యాపారులు కూడా దీని గురించి కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఆ గడుల్లో ఏముంటుంది?

క్యూఆర్ అంటే క్విక్ రెస్పాన్స్. జపాన్‌లో వాహన విడిభాగాలు తయారుచేసే డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం 1994లో దీన్ని రూపొందించింది. ఫ్యాక్టరీలో ఒక్కో పెట్టె మీద అనేక బార్‌కోడ్‌లు స్కాన్ చేయాల్సి రావడం కార్మికులకు విసుగ్గా ఉండేది. వాటన్నింటిలోని సమాచారాన్ని ఒకే చోట ఇమడ్చడానికి పుట్టిందే ఇది. పేటెంట్ ఉన్నా, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సంస్థ ప్రకటించడంతో ప్రపంచమంతా పాకింది.

మూడు మూలల్లో కనిపించే పెద్ద చతురస్రాలు ‘కోడ్ ఇక్కడుంది, ఇటు తిరిగి ఉంది’ అని కెమెరాకు చెబుతాయి. మిగతా చిన్న గడుల్లో ఉండేది మామూలు అక్షరాలు, అంకెలు. కోడ్‌ను తయారుచేసే తీరును బట్టి, 30 శాతం వరకు చెరిగిపోయినా మిగతాదాని నుంచి మొత్తం సమాచారాన్ని తిరిగి రాబట్టవచ్చు. సాంబారు మరక పడిన స్టిక్కర్ కూడా స్కాన్ అయ్యేది అందుకే. మధ్యలో కంపెనీ లోగో పెట్టగలిగేది కూడా ఈ వెసులుబాటు వల్లే.

యూపీఐ కోడ్ లోపల ఉండేది ఒక చిన్న వరుస. ‘ఇది యూపీఐ చెల్లింపు’ అనే సూచన, ఆ తర్వాత డబ్బు చేరాల్సిన యూపీఐ ఐడీ, ఆపైన ఒక పేరు. కావాలనుకుంటే ఎంత కట్టాలో కూడా అందులోనే పెట్టొచ్చు. అంతే. దుకాణం ఎక్కడుందో, ఆ స్టిక్కర్‌ను ఎవరు అతికించారో దానికి తెలియదు. ఇలాంటి కోడ్‌ను ఎవరైనా ఫోన్‌లో ఒక్క నిమిషంలో తయారుచేసుకోవచ్చు.

అన్ని కోడ్‌లూ ఇలా ఉండవు. ఆధార్ కార్డు మీదుండే సెక్యూర్ క్యూఆర్ కోడ్‌లో యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది. కార్డు మీది పేరునూ ఫొటోనూ ఎవరైనా మార్చి ప్రింట్ తీయగలరు కానీ, ఆ సంతకాన్ని పుట్టించలేరు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కార్డు చూసి నమ్మడం కన్నా, యూఐడీఏఐ ఇచ్చిన యాప్‌తో స్కాన్ చేసి చూడటం మేలనేది అందుకే. మామూలు కెమెరాతో చేస్తే ఉపయోగం లేదు. టీ కొట్టు దగ్గరి స్టిక్కర్‌కు మామూలుగా ఇలాంటి రక్షణ ఉండదు. కంటికి అసలు కోడ్ ఎలా ఉంటుందో నకిలీ కోడ్ కూడా అలాగే ఉంటుంది. పక్కపక్కన పెట్టినా తేడా చెప్పడం కష్టం.

అంటే, మనం నమ్మేది కోడ్‌ను కాదు, అది అతికించి ఉన్న చోటును. ఆ దుకాణం మనకు తెలుసు కాబట్టి ఆ స్టిక్కర్‌ను నమ్ముతున్నాం. మోసగాడికి కావాల్సింది ఆ చోటే.

ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో, ఆస్టిన్ నగరాల్లో 2021 చివర్లో, 2022 మొదట్లో పార్కింగ్ ఫీజు మెషిన్ల మీద నకిలీ క్యూఆర్ స్టిక్కర్లు బయటపడ్డాయి. స్కాన్ చేస్తే పార్కింగ్ ఫీజు కట్టే పేజీలాంటిదే తెరుచుకుంటుంది, అందులో కార్డు వివరాలు ఇస్తే దొంగల చేతికి వెళ్తాయి. ఇలాంటి మోసాలపై 2022 జనవరిలో ఎఫ్‌బీఐ హెచ్చరిక జారీ చేసింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లు పార్కింగ్ దగ్గర స్టిక్కర్ కన్నా నగరపాలక సంస్థ అధికారిక యాప్‌నో, మెషిన్‌లోని కార్డు స్లాట్‌నో వాడటం మంచిది.

స్క్రీన్ మీద పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ ఈ మధ్య ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. చాలామందికి తెలియదు.

ఇంతకుముందు కొన్ని యాప్‌లలో కనిపించే పేరు క్యూఆర్ కోడ్‌లో రాసిందో, ఖాతాదారు తనకు తాను పెట్టుకున్నదో, లేదా మీ ఫోన్‌బుక్‌లో మీరు సేవ్ చేసుకున్నదో అయ్యే అవకాశం ఉండేది. మోసగాడు తన కోడ్‌లో ‘శ్రీ వెంకటేశ్వర మెడికల్స్’ అని రాసుకుంటే అదే కనిపించేది. దీన్ని ఆపడానికి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 ఏప్రిల్‌లో ఒక ఆదేశం ఇచ్చింది. వ్యక్తులకు, చిన్న వ్యాపారులకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరును మాత్రమే చూపాలని, 2025 జూన్ 30లోగా యాప్‌లన్నీ ఇలా మారాలని చెప్పింది.

కాబట్టి పిన్ కొట్టే ముందు కనిపించే పేరుకు ఇప్పుడు విలువుంది. కానీ ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. బోర్డు మీద దుకాణం పేరు ఒకటి ఉంటుంది, బ్యాంకు ఖాతా యజమాని సొంత పేరు మీదో, ఆయన భార్య పేరు మీదో, కొడుకు పేరు మీదో ఉంటుంది. ‘అమ్మ చేతి వంట’ అని బోర్డున్న చోట స్కాన్ చేస్తే ఎప్పుడూ వినని మనిషి పేరు వస్తుంది. అది యజమాని పేరో, దొంగ పేరో కస్టమర్‌కు ఎలా తెలుస్తుంది?

తెలియదు. అందుకే అడగాలి. ‘‘అన్నా, ఫలానా పేరు వస్తోంది, మీదేనా?’’ అని గట్టిగా చదివితే రెండు సెకన్ల పని. మన దగ్గర ఇలా అడగడానికి మొహమాటపడతాం, వెనక లైన్ ఉంటే ఇంకా తొందర. నిజానికి అలా అడిగే కస్టమర్ దుకాణదారుడికి మేలు చేస్తున్నట్టే. ఖజురహోలో జరిగింది అదే.

దుకాణదారులు ఇంకా తేలిగ్గా చేయగలిగే పని ఒకటుంది. క్యూఆర్ కోడ్ కింద ‘స్కాన్ చేస్తే ఈ పేరు కనిపిస్తుంది’ అని రాసి, బ్యాంకులో ఉన్న పేరును పెద్ద అక్షరాలతో పెట్టండి. ఆ పేరును కోడ్ ఉన్న స్టిక్కర్ మీద కాకుండా, గోడ మీదో, బిల్లు మీదో, ధరల పట్టికలోనో విడిగా రాయిస్తే ఇంకా మంచిది. కోడ్ మీద కోడ్ అతికించడం సులువు, గోడ మీది పెయింట్‌ను మార్చడం అంత సులువు కాదు. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా ఈ పని చేసిన దుకాణాలు చాలా అరుదుగా కనిపిస్తాయి.

‘డబ్బు రావాలంటే స్కాన్ చేయండి’

స్టిక్కర్ మార్చేది ఒక రకం మోసం. మీ చేతే కోడ్ స్కాన్ చేయించి, మీ చేతే పిన్ కొట్టించేది రెండో రకం.

పాత సోఫానో, ఫ్రిజ్‌నో అమ్ముతామని ఆన్‌లైన్‌లో ప్రకటన పెడతారు. కాసేపటికే ఫోన్ వస్తుంది. ఆర్మీలో పని చేస్తున్నానని, బదిలీ మీద మీ ఊరికే వస్తున్నానని చెబుతాడు. బేరం కూడా ఆడడు. అనుమానం రావాల్సింది అక్కడే. వెంటనే వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపి, ‘ఇది స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో 8,000 పడతాయి’ అంటాడు. కొట్టగానే 8,000 పోతాయి. ‘అయ్యో, పొరపాటు జరిగింది, రీఫండ్ కోసం ఇంకోటి పంపుతున్నా’ అని మళ్లీ పంపుతాడు.

యూపీఐ పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ కూడా అక్కర్లేదు. అవతలివాళ్లకు మీ యూపీఐ ఐడీ ఇస్తే చాలు.

వ్యక్తులు ఒకరికొకరు పంపుకునే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. ‘డబ్బు పంపాం, ఓకే చేయండి’ అంటూ రిక్వెస్ట్ పంపి దోచుకునేవాళ్లకు దీనితో ఒక దారి మూసుకుపోయింది. కానీ ముందే మొత్తం నింపి పెట్టిన క్యూఆర్ కోడ్ ఇప్పటికీ పనిచేస్తుంది. కాబట్టి ఈ మోసం తగ్గిపోయిందని అనుకోవద్దు.

వాట్సాప్ గురించి కూడా ఒక మాట. కంప్యూటర్‌లో వాట్సాప్ వాడుకోవడానికి వచ్చే కోడ్‌ను మీ ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఆ కంప్యూటర్‌లో మీ చాట్‌లన్నీ తెరుచుకుంటాయి. బహుమతి అనో, ఓటింగ్ అనో చెప్పి ఈ కోడ్‌ను స్కాన్ చేయించేవాళ్లున్నారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి, మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే వెంటనే లాగౌట్ చేయండి.

లింకు తెరిచే కోడ్‌లు

హోటల్ మెనూ, సినిమా పోస్టర్, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో అతికించిన ఇంటర్నెట్ కనెక్షన్ ప్రకటన, గుడిలో విరాళాల బోర్డు.. వీటిలో చాలావరకు వెబ్‌సైట్ లింకులే ఉంటాయి. ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే లింకు వెంటనే తెరుచుకోదు, ముందు చిన్న అక్షరాల్లో దాని అడ్రస్ కనిపిస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే నొక్కేస్తారు. మీరు ఆగాల్సింది అక్కడ.

అడ్రస్‌ను ఎలా చదవాలి? మొదట్లో పక్కపక్కన వచ్చే రెండు గీతలను వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటరి వాలు గీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి, అంటే ఎడమవైపుకి చదవండి. ‘డాట్ కామ్’, ‘డాట్ ఇన్’ లాంటి తోకకు ముందున్న మాటే ఆ సైట్ అసలు పేరు. అంతకన్నా ఎడమవైపు ఎంత పెద్ద బ్యాంకు పేరున్నా దానికి విలువ లేదు, ఎవరైనా ఏమైనా పెట్టుకోవచ్చు. మనింటి గుమ్మం మీద ‘రాష్ట్రపతి భవన్’ అని రాసుకున్నట్టు.

ప్రభుత్వ సైట్లయితే చివర్లో ‘గవ్ డాట్ ఇన్’ ఉండాలి. బ్యాంకుల విషయంలో ఆర్‌బీఐ ఇటీవలే ఈ పని తేలిక చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ వెబ్‌సైట్లను ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే తోకకు మార్చుకోవాలని ఆదేశించింది. ఈ తోక బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు దొరకదు. కేవైసీ అప్‌డేట్ చేయాలంటూ వచ్చిన కోడ్‌ను స్కాన్ చేస్తే ఈ తోక లేదనుకోండి, అక్కడితో ఆపేయండి.

స్కాన్ చేయగానే ఏదైనా ఫైల్ డౌన్‌లోడ్ కావడం మొదలైతే రద్దు చేయండి. ముఖ్యంగా ‘ఏపీకే’ ఫైల్ అయితే. ఈ-చలాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో పేరు పెట్టి పంపే ఇలాంటి ఫైళ్లు ఫోన్‌లోకి చేరి ఎస్ఎంఎస్‌లు, ఓటీపీలు చదివేస్తాయి. ప్లే స్టోర్ నుంచి వేరే క్యూఆర్ స్కానర్ యాప్ వేసుకునే అవసరం కూడా లేదు, ఫోన్ కెమెరానే చదివేస్తుంది. అలాంటి యాప్‌లలో చాలావాటిలో ప్రకటనల గోల, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువే.

మీరు ఆర్డర్ చేయని పార్సిల్ వచ్చి, లోపల ‘ఎవరు పంపారో తెలుసుకోవాలంటే స్కాన్ చేయండి’ అనే కాగితం ఉంటే దాన్ని చించేయండి. ఈ తరహా పార్సిళ్లపై 2025 జులైలో ఎఫ్‌బీఐ ప్రత్యేకంగా హెచ్చరించింది.

కోడ్‌ను అడ్డుపెట్టుకుని మోసం జరుగుతున్నట్టే, కోడ్‌తోనే మోసాన్ని పట్టుకోవచ్చు కూడా. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ ఉండాలన్న నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్కాన్ చేస్తే తయారీదారు పేరు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, లైసెన్స్ నంబర్ కనిపించాలి. కనిపించిన బ్యాచ్ నంబర్, ప్యాక్ మీద అచ్చువేసిన నంబర్ ఒకటేనా అని సరిచూసుకోండి. తేడా వస్తే ఆ మందు వాడకుండా షాపులో అడగండి.

వ్యాపారులు చేస్తున్న పొరపాట్లు

మీరు చిన్న వ్యాపారం నడుపుతున్నారా? ప్రచారం కోసం కరపత్రాల మీద, ప్యాకెట్ల మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో కోడ్ పెట్టాలనుకుంటున్నారా? ఈ భాగం మీకోసం.

ముందుగా డబ్బు కట్టే కోడ్‌ల సంగతి. కొన్ని దుకాణాల్లో కౌంటర్ మీద నాలుగైదు స్టిక్కర్లుంటాయి, ఒక్కో యాప్ ఏజెంటు వచ్చి అతికించి వెళ్లినవి. నిజానికి ఒక్కటి చాలు. ఒక యాప్ కోడ్‌ను మరో యాప్‌తో స్కాన్ చేసుకునే వీలుండాలని ఆర్‌బీఐ 2020లోనే చెప్పింది, అందుకు 2022 మార్చి 31 వరకు గడువిచ్చింది. ఇప్పుడు ఏ యూపీఐ యాప్‌తోనైనా ఏ యూపీఐ కోడ్‌నైనా స్కాన్ చేయొచ్చు. ఐదు స్టిక్కర్ల మధ్య ఆరోది వచ్చి చేరితే మీరు గమనించరు. ఒకే ఒక్క కోడ్ ఉన్నచోట రెండోది కనిపిస్తే కుర్రాడు కూడా పట్టేస్తాడు.

షట్టర్ బయట, బండి అంచున, రాత్రంతా రోడ్డు మీద ఉండేలా కోడ్ అతికించొద్దు. స్టాండ్‌కు పెట్టుకుని, రాత్రి లోపలికి తీసుకెళ్లండి. పొద్దున షాపు తెరవగానే సొంత ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. దేవుడికి అగర్బత్తి వెలిగించినంత సేపు కూడా పట్టదు. ‘కంపెనీ నుంచి వచ్చాం, పాత స్టిక్కర్ మార్చాలి’ అని ఎవరైనా వస్తే మీ ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు, యాప్ కస్టమర్ కేర్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

సౌండ్‌బాక్స్ పెట్టుకుంటే మంచి రక్షణే. అది మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది. కోడ్ ఎవరిదైనా, మీ ఖాతాలోకి డబ్బు వస్తేనే అది పలుకుతుంది. మహేశ్‌బాబు గొంతు పలికినా, మామూలు గొంతు పలికినా, కస్టమర్ కట్టానని చూపించి డబ్బా మౌనంగా ఉంటే అక్కడే ఆపి చూడాలి. రద్దీ వేళలో దాని మీద చెవి పెట్టడం మానేస్తే, నెలనెలా దానికి అద్దె కట్టి లాభం లేదు. కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ను మాత్రం నమ్మొద్దు, అలాంటివి తయారుచేసే నకిలీ యాప్‌లున్నాయి.

ఇక ప్రచారం కోసం వాడే కోడ్‌లు. ఇవి రెండు రకాలు. మొదటిదాన్ని స్టాటిక్ అంటారు, మీ వెబ్‌సైట్ అడ్రస్ నేరుగా కోడ్‌లోనే ఉంటుంది. ఒకసారి ప్రింట్ చేస్తే మార్చలేరు, కానీ ఎన్నాళ్లయినా పనిచేస్తుంది. రెండోది డైనమిక్. ఇందులో వేరే కంపెనీ ఇచ్చే ఒక పొట్టి లింకు ఉంటుంది, అది కస్టమర్‌ను మీరు చెప్పిన పేజీకి మళ్లిస్తుంది. ప్రింట్ అయ్యాక కూడా గమ్యాన్ని మార్చుకోవచ్చు, ఎంతమంది ఎప్పుడు స్కాన్ చేశారో లెక్క చూసుకోవచ్చు. మార్కెటింగ్ వాళ్లు దీన్నే ఇష్టపడతారు. కానీ ‘ఉచితం’ అంటూ కోడ్ తయారుచేసిచ్చే కొన్ని సైట్లు కొద్దిరోజుల తర్వాత డబ్బు అడుగుతాయి, కట్టకపోతే లింకు ఆగిపోతుంది. అప్పటికే మీరు 5,000 కరపత్రాలు పంచేసి ఉంటారు.

లింకు ఆగిపోవడం నయం. అది వేరేవాళ్ల చేతికి వెళ్తే ఏమవుతుందో కెచప్ కంపెనీ హైంజ్‌కు అనుభవమే. జర్మనీలో సొంతంగా లేబుల్ డిజైన్ చేసుకునే పోటీ పెట్టి, సీసాల మీద క్యూఆర్ కోడ్ ముద్రించింది. పోటీ అయిపోయింది, ఆ వెబ్ అడ్రస్‌ను కంపెనీ రెన్యువల్ చేయలేదు. దాన్ని ఒక అశ్లీల వెబ్‌సైట్ దక్కించుకుంది. 2015లో ఇంట్లో ఉన్న సీసాను స్కాన్ చేసిన ఒక కస్టమర్‌కు ఆ సైట్ తెరుచుకుంది, ఆయన బయటపెట్టడంతో కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. పచ్చడి సీసా మీద కోడ్ వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సరుకు కిచెన్ అల్మరాలో ఎన్నాళ్లు ఉంటుందో, ఆ వెబ్ అడ్రస్ కనీసం అన్నాళ్లు మీ చేతిలో ఉండాలి.

నా సలహా అడిగితే, చిన్న వ్యాపారానికి సొంత వెబ్ అడ్రస్‌తో స్టాటిక్ కోడ్ చాలు. ఆ కోడ్ కిందే అడ్రస్‌ను చదవగలిగేలా అచ్చు వేయండి. స్కాన్ చేశాక ఫోన్‌లో కనిపించే అడ్రస్, కాగితం మీది అడ్రస్ ఒకటేనా అని కస్టమర్ పోల్చుకోగలడు. పొట్టి లింకుల్లో ఆ వీలుండదు, అక్కడ కనిపించే అడ్డదిడ్డమైన అక్షరాలు మీవో, మోసగాడివో తేల్చుకోలేడు. ఏ లింకైనా నొక్కేయడం కస్టమర్‌కు అలవాటైతే ఆ అలవాటు చేసింది మనలాంటి నిజాయతీ వ్యాపారులే అవుతారు.

పెద్ద కంపెనీలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో సూపర్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో క్రిప్టో సంస్థ కాయిన్‌బేస్ ఒక నిమిషం ప్రకటన ఇచ్చింది. నల్లటి తెర మీద అటూ ఇటూ తేలే క్యూఆర్ కోడ్, చాలాసేపటి వరకు కంపెనీ పేరే లేదు. జనం ఎంతగా ఎగబడ్డారంటే కాసేపు సైట్ కుప్పకూలింది. ప్రచారంగా చూస్తే అది హిట్. ఎవరిదో తెలియని కోడ్‌ను కోట్లమంది చేత ఒకేసారి స్కాన్ చేయించే ప్రయత్నంగా చూస్తే మాత్రం, అంత మంచి పాఠం కాదు.

రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో మహారాష్ట్ర రెరా చేసిన పని దీనికి పూర్తి వ్యతిరేకం. 2023 ఆగస్టు 1 నుంచి అక్కడ ప్రతి ప్రాజెక్టు ప్రకటనలో క్యూఆర్ కోడ్ ఉండాలి, అది బిల్డర్ రంగుల బ్రోచర్‌కు కాకుండా రెరా సైట్‌లోని ప్రాజెక్టు వివరాలకు తీసుకెళ్లాలి. ఏపీ, తెలంగాణల్లో ప్లాట్ చూస్తున్నవాళ్లు ప్రకటనలోని కోడ్ స్కాన్ చేసి ఆగిపోకుండా, రెరా రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని ఆ రాష్ట్ర రెరా సైట్‌లో విడిగా వెతకండి.

కోడ్ సైజు గురించి: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదోవంతు వెడల్పు ఉండాలనేది వాడుకలో ఉన్న లెక్క. 10 అడుగుల దూరానికి ఒక అడుగు. చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి, లేత రంగుల్లో వేయకూడదు. ఫ్లైఓవర్ పక్కన హోర్డింగ్ మీద వేయించేవాళ్లు, బైక్ మీద వెళ్తున్నవాళ్లు దాన్ని ఏ చేత్తో స్కాన్ చేయాలో కూడా చెబితే బాగుండు.

మెనూ చూపించడానికి ఫోన్ నంబర్, పుట్టినరోజు అడిగే హోటళ్లు కొన్ని ఉన్నాయి. నంబర్ ఇవ్వలేదని సేవ నిరాకరించడం అనుచిత వ్యాపార విధానమేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో స్పష్టం చేసింది. కస్టమర్‌గా మీరు కాగితం మెనూ అడగొచ్చు, అడగండి.

డబ్బు పోయిందని తెలిస్తే

ఎంత త్వరగా చెబితే అంత మంచిది. 1930కి ఫోన్ చేయండి, లేదా ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు అవతలి ఖాతా నుంచి బయటికి పోకముందే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మీ బ్యాంకుకు, వాడిన యాప్‌లోని ఫిర్యాదు విభాగానికి కూడా తెలియజేయండి. ఎస్ఎంఎస్‌లు, చాట్‌లు డిలీట్ చేయొద్దు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయొద్దు, అక్కడ కూడా మోసగాళ్ల నంబర్లు ఉంటాయి. యాప్‌లోనో, కార్డు వెనకాలో ఉన్న నంబర్‌కే చేయండి.

స్టిక్కర్ మార్చిన కేసుల్లో ఒక ఇబ్బంది ఉంది. డబ్బు వెళ్లింది కస్టమర్ ఖాతా నుంచి మోసగాడి ఖాతాకు. ఆ లావాదేవీలో దుకాణదారుడి పేరే ఉండదు. నష్టపోయింది ఆయన, వివరాలన్నీ ఉన్నది మాత్రం కస్టమర్ ఫోన్‌లో. కాబట్టి దుకాణదారులు అనుమానం రాగానే ఆ నకిలీ స్టిక్కర్‌ను చించి పారేయకుండా ఫొటో తీసి, దాన్ని అలాగే పోలీసులకు ఇవ్వాలి. ఆ రోజు వచ్చిన తెలిసిన కస్టమర్లకు ఫోన్ చేసి, చెల్లింపు స్క్రీన్‌షాట్లు పంపమని అడగాలి. వాటిలో చూడాల్సినవి మూడు: డబ్బు చేరిన యూపీఐ ఐడీ, సమయం, 12 అంకెల యూటీఆర్ నంబర్. మీకు అలాంటి ఫోన్ వస్తే, ‘నేను కట్టేశాను కదా’ అని పెట్టేయకండి. హిస్టరీ తెరిచి, ఆ నంబర్ పంపండి.